నాన్న బరువు నిలబెట్టడానికి న్యూట్రిషన్ డ్రింక్: ఏడాదికి పైగా వాడాక నా అభిప్రాయం

అసలు మాట ముందే చెప్పేస్తాను. న్యూట్రిషన్ డ్రింకులు పనికొస్తాయి. అయితే తిండికి ఏది అడ్డం పడుతోందో కనిపెట్టకుండా డబ్బా మీద డబ్బా కొంటూ పోతే దక్కేది చాలా తక్కువ. నాన్నకు ప్యాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్. కీమో నడుస్తున్నంత కాలం, ఆ తర్వాత కూడా ఇవి వాడుతూనే ఉన్నాం, పొడీ వాడాం, కలిపి ఉన్న బాటిళ్లూ వాడాం. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే రకం డ్రింకుల మధ్య కంపెనీని బట్టి వచ్చే తేడా కన్నా, ఎప్పుడు ఎలా ఇస్తున్నామన్న దాన్ని బట్టి వచ్చే తేడాయే మాకు ఎక్కువ కనిపించింది.

మొదట డైటీషియన్ లెక్క వేసి ఇచ్చారు. క్యాన్సర్ ఉన్నవాళ్లకు మామూలుగా కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు కావాలి. ప్రొటీన్ కిలోకు 1 గ్రాముకు పైనే ఉండాలి, వీలైతే 1.5 గ్రాముల దాకా. అంటే 60 కిలోల మనిషికి 1500 నుంచి 1800 కేలరీలు, 60 నుంచి 90 గ్రాముల ప్రొటీన్. కిడ్నీ సమస్య ఉంటే ఈ లెక్క మారుతుంది. నాన్న నిజంగా తింటున్నది పక్కన రాసి చూస్తే ఎంత తక్కువ పడుతోందో తెలిసింది. డ్రింకు ఉన్నది ఆ తక్కువైనది పూడ్చడానికి. భోజనం మానేసి దీని మీదే ఉందామంటే అది డాక్టరు చెప్పాల్సిన మాట.

ఇప్పుడు అడ్డంకుల సంగతి. మా విషయంలో పెద్ద అడ్డంకి ఆకలి కాదు, అరుగుదల. నాన్న కాస్తో కూస్తో తింటున్నా బరువు దిగిపోతూనే ఉండేది. విరేచనం పాలిపోయిన రంగులో, నూనె తేలుతూ, ఎన్ని నీళ్లు కొట్టినా పోకుండా ఉండేది. ఇలాంటివి ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పరు. మేము చెప్పిన రోజే డాక్టరు ఎంజైమ్ క్యాప్సూల్స్ రాశారు. ప్యాంక్రియాస్ సరిగా పనిచేయనప్పుడు కొవ్వును అరిగించే ఎంజైములు పేగుల్లోకి చేరవు, తిన్న కొవ్వు తిన్నట్టే బయటికి పోతుంది. ఈ క్యాప్సూల్ మొదటి ముద్దతోనే పడాలి, లోపలి గుళికలు నమలకూడదు, వేడివేడి టీ కాఫీలతో వేసుకోకూడదు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. మామూలు న్యూట్రిషన్ డ్రింకుల్లోనూ కొవ్వు ఉంటుంది కాబట్టి వాటితో కూడా క్యాప్సూల్ అవసరం పడుతుంది, ఎంత డోసో డాక్టరు చెబుతారు. ఇది సర్దుకున్నాకే మేము ఇస్తున్న కేలరీలు ఒంటికి పట్టడం మొదలైంది.

వేరే క్యాన్సర్లలో అడ్డంకి వేరేగా ఉండొచ్చు. నోటి పుండ్లు, వాంతులు, గొంతులో పట్టేసినట్టుండటం, నొప్పి మందుల వల్ల మలబద్ధకం. నాలుగు రోజులుగా విరేచనం కాని మనిషికి ఏ డ్రింకు మాత్రం లోపలికి వెళుతుంది? ముందు దానికి మందు అడగాలి.

ఇక డ్రింకుల సంగతి. పొడి మనకు కావలసినంత మాత్రమే కలుపుకోవచ్చు, రుచి లేని రకమైతే జావలోనో సూపులోనో కలిపేయొచ్చు. దాంతో తంటా అల్లా ఉండలు కట్టడమే. గ్లాసులో ముందు పొడి వేసి నీళ్లు పోస్తే అడుగున ముద్దలా అంటుకుపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్లు పోసి, పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ కలపాలి. వేడి నీళ్లయితే ఇంకా ముద్ద కడుతుంది. షేకర్‌లో గిలకొడితే వచ్చే నురగ తగ్గేదాకా ఆగి ఇవ్వాలి, నురగతో తాగితే నాన్నకు త్రేనుపులు వచ్చి ఇబ్బంది పడేవారు.

బాటిల్‌తో ఆ బాధ లేదు, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు సంచిలో పడేసుకోవచ్చు. కొనేటప్పుడు ఒక అంకె చూడండి. కొన్నిట్లో మిల్లీలీటరుకు 1 కేలరీ ఉంటుంది, కొన్నిట్లో 1.5, కొన్నిట్లో 2. ఎక్కువ తాగలేని మనిషికి ఈ తేడా చాలా పెద్దది. 200 మి.లీ.లో ఒకదాంట్లో 200 కేలరీలుంటే, ఇంకోదాంట్లో 400 ఉంటాయి. చిక్కటివి కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు తెస్తాయి, అందుకని తక్కువతో మొదలుపెట్టి పెంచాలి.

నిండు గ్లాసు చూస్తేనే నాన్నకు సగం కడుపు నిండిపోయేది. "తర్వాత తాగుతాలేమ్మా" అనేవారు, ఆ తర్వాత ఎప్పటికీ వచ్చేది కాదు. అందుకే చిన్న కప్పులోకి మారాం. రోజులో మందులు వేసుకునే ప్రతిసారీ నీళ్లకు బదులు 60 మి.లీ. చిక్కటి డ్రింకు. మిల్లీలీటరుకు 2 కేలరీల రకమైతే నాలుగుసార్లకే 480 కేలరీలు. ఆసుపత్రుల్లోనూ ఈ పద్ధతి వాడతారు. కొన్ని మాత్రలు ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి కాబట్టి ఏ మందుతో ఇవ్వొచ్చో అడిగి తెలుసుకోండి. నా మట్టుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే.

రుచి గురించి ఉన్నమాట చెప్పాలంటే దాదాపు అన్నీ బాగా తీపి. కీమో తర్వాత నాన్నకు నోట్లో ఇనుము చప్పరిస్తున్నట్టుండేది, తీపి ఇంకా వెగటు. ఫ్రిజ్‌లో బాగా చల్లబెట్టి, మూత ఉన్న కప్పులో స్ట్రాతో ఇస్తే వాసన తగలదు, అప్పుడు తాగేవారు. కానీ కొన్ని రకాల కీమోలో చల్లటివి తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది, వాళ్లకు గోరువెచ్చగానే ఇవ్వాలి. ఒకే రుచి నెల సరిపడా కొనకండి. నిన్న నచ్చింది రేపు నచ్చకపోవచ్చు, అది వాళ్ల తప్పు కాదు.

మామూలు తిండిలోనే బలం పెంచడం కూడా దీనికి తోడు కావాలి. ఒక టేబుల్ స్పూను నూనె అంటే సుమారు 120 కేలరీలు, ఒక గుడ్డు అంటే 6 గ్రాముల ప్రొటీన్. పాలలో పాలపొడి కలిపితే పరిమాణం పెరగకుండానే బలం పెరుగుతుంది. కీమోలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి గుడ్డు పూర్తిగా ఉడకాలి, పచ్చి పాలు వాడకూడదు.

చక్కెర క్యాన్సర్‌ను పెంచుతుందని అన్నీ మాన్పించమని చెప్పేవాళ్లు మాకూ ఎదురయ్యారు. బరువు తగ్గిపోతున్న మనిషికి తిండి కోత పెట్టడం ప్రమాదం. నాన్నకు షుగర్ కూడా ఉంది, ప్యాంక్రియాస్ జబ్బులో అది మామూలే. మేము తిండి తగ్గించలేదు, షుగర్ అంకెలు చూపించి ఇన్సులిన్ డోసు మార్పించుకున్నాం.

మరి బరువు? మొదట తగ్గుదల ఆగింది, తర్వాత కొంత పెరిగింది. కాకపోతే కాటా ఒక్కదాన్నే నమ్మకండి. కాళ్ల వాపు, పొట్టలో నీరు చేరినా అంకె పెరుగుతుంది. వారానికొకసారి, ఉదయం, ఒకే రకం బట్టలతో తూచి, పాదాలు కూడా నొక్కి చూసేదాన్ని. ఇంకో సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలి. 6 నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గితే క్యాకెక్సియా అయి ఉండవచ్చు. అందులో జబ్బే కండరాన్ని కరిగిస్తుంది, తిండి ఒక్కదానితో దాన్ని పూర్తిగా వెనక్కి తేలేం. ఇది తెలిశాక "తినవేం, తినవేం" అని నాన్న వెంట పడటం మా ఇంట్లో ఆగిపోయింది, ఆయన కూడా తేలికపడ్డారు. ఆకలి పెంచే మందులున్నాయి, తక్కువ డోసు ఓలాంజపైన్ వాటిలో ఒకటి. మెజెస్ట్రాల్ ఆకలి పెంచినా రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది. వీటి గురించి సిగ్గుపడకుండా డాక్టరును అడగండి. ఓపిక ఉన్నంతమేర నడక, చేతులతో చిన్న బరువులు ఎత్తడం కండరానికి మేలు చేస్తాయి.

ఎవరు సొంతంగా మొదలుపెట్టకూడదంటే, చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని వాళ్లు. ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, మింగేటప్పుడు పొలమారేవాళ్లు కూడా ముందు అడగాలి. కావలసిన దానిలో 60 శాతం కూడా వారం, రెండు వారాలకు మించి లోపలికి వెళ్లకపోతే డ్రింకులతో కాలక్షేపం చేయకుండా ట్యూబు ద్వారా ఆహారం ఇవ్వాలేమో కనుక్కోండి.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. మిల్లీలీటరుకు 2 కేలరీలుండే చిన్న బాటిళ్లు మందులతో పాటు ఇవ్వడానికి, రుచి లేని పొడి చిన్న ప్యాకెట్ తిండిలో కలపడానికి. పెద్ద డబ్బా జోలికి మాత్రం, నాన్న వారం పాటు వదలకుండా తాగిన రకమైతేనే వెళతాను.