ఆటోక్యాడ్‌లో కొత్త డ్రాయింగ్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

నా పని ఇళ్ల ప్లాన్లు గీయడం, రోజూ ఆటోక్యాడ్‌లోనే. గీయడంలో ఈ సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టలేను. కొత్త డ్రాయింగ్ తెరిచే చోట మాత్రం అది ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు వాడకూడదని గట్టిగా చెబుతాను.

దాంతోపాటు వచ్చే టెంప్లేట్లలో, అంటే ముందే సెట్టింగులు పెట్టి ఉంచిన ఖాళీ డ్రాయింగుల్లో, ఎక్కువగా వాడేవి రెండు. ఎక్యాడ్ అంగుళాలకు, ఎక్యాడ్‌ఐసో మిల్లీమీటర్లకు. ఏది తెరిచినా అదే ఖాళీ స్క్రీన్, తేడా అంతా లోపలే. మన ఇంటి యజమానులు అడుగుల్లోనే మాట్లాడతారు, బయటి గోడ తొమ్మిదంగుళాలంటాం. అందుకే నేను ఎక్యాడ్‌తోనే మొదలుపెడతాను. అయినా అందులో కొలతలు డెసిమల్‌లో ఉంటాయి, యూనిట్స్ కమాండ్ ఇచ్చి ఆర్కిటెక్చరల్‌కి, అంటే అడుగులు-అంగుళాలకి, మార్చాలి. డైమెన్షన్‌లో, అంటే గోడ పక్కన వేసే కొలతలో, అక్షరం ఎత్తు 0.18 అంగుళం. ముప్పై అడుగుల గోడ అంటే 360 అంగుళాలు, దానికి కొలత వేస్తే అంకె కంటికి ఆనదు. కొత్తవాళ్లు డైమెన్షన్ రాలేదని టెన్షన్ పడి మళ్లీ మళ్లీ వేస్తుంటారు. అది అక్కడే ఉంది, కనబడదంతే. పావంగుళానికి అడుగు చొప్పున ప్రింట్ తీయాలంటే డైమెన్షన్ల సైజు పెంచే డిమ్‌స్కేల్ 48 పెట్టాలి.

ప్రతి ఇంటికీ ఇదంతా మళ్లీ చేయడం దండగ. ఒకసారి సర్దుకుని డీడబ్ల్యూటీ (టెంప్లేట్) ఫైలుగా సేవ్ చేసుకోండి. నా టెంప్లేట్‌లో గోడలకు, తలుపులకు, కొలతలకు వేర్వేరు లేయర్లు (పొరలు), ప్రింట్ తీసే లేఅవుట్‌లో ప్లాన్ వివరాలుండే టైటిల్ బ్లాక్, ఉత్తరం గుర్తు, ఏ3 పేజీ సెటప్ సిద్ధంగా ఉంటాయి. మున్సిపల్ అనుమతికి వెళ్లే ప్లాన్లకు ఇంకో టెంప్లేట్ విడిగా పెట్టుకున్నాను, అక్కడ లేయర్ల పేర్లు వాళ్లు అడిగినట్టే ఉండాలి. సేవ్ చేసేటప్పుడు ఇంగ్లిష్ కొలతలా, మెట్రిక్కా అని చిన్న బాక్స్ వస్తుంది. చూడకుండా ఓకే కొట్టొద్దు.

నాకు బాగా నచ్చింది క్యూన్యూ, కొత్త డ్రాయింగ్ తెరిచే కమాండ్. ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్‌కి వెళ్లి, టెంప్లేట్ సెట్టింగ్స్ కింద మన ఫైలు చూపిస్తే చాలు, ఇక ఆ కమాండ్ ఏమీ అడగకుండా నేరుగా అందులోనే తెరుస్తుంది. స్టార్టప్ అనే సెట్టింగ్ విలువ 1 చేస్తే, ఒక్కొక్కటీ అడుగుతూ డ్రాయింగ్ సర్దిపెట్టే పాతకాలపు విజార్డ్ కూడా వస్తుంది. నేర్చుకునేవాళ్లకు మంచిదే, రోజువారీ పనికి అక్కర్లేదు.

నచ్చనిది టెంప్లేట్ ఫోల్డర్ ఉండే చోటు. యూజర్ ప్రొఫైల్‌లో ఎక్కడో లోతున, వెర్షన్ పేరుతో ఉంటుంది. కొత్త వెర్షన్ వేసుకుంటే దారే మారిపోతుంది. నా టెంప్లేట్లు వేరే డ్రైవ్‌లో పెట్టి, ఆప్షన్స్‌లో ఆ దారి ఇచ్చుకున్నాను.

ఇక ఇన్‌స్‌యూనిట్స్, అంటే డ్రాయింగ్ ఏ కొలతలో ఉందో చెప్పే సెట్టింగ్. దీన్ని చాలామంది పట్టించుకోరు. బయటి నుంచి తలుపు బ్లాకులు, అంటే ముందే గీసి ఉంచిన తలుపు బొమ్మలు, వస్తుంటాయి. గీసినాయన అంగుళాల టెంప్లేట్ తెరిచి మిల్లీమీటర్లలో గీసి ఉంటే, మూడడుగుల తలుపు, అంటే 914 మిల్లీమీటర్లు, మన ప్లాన్‌లో 914 అంగుళాలై కూర్చుంటుంది. అంటే డెబ్బై ఆరడుగులు! చాలామంది దాన్ని స్కేల్ కమాండ్‌తో కుదించి ముందుకెళ్లిపోతారు, తర్వాతి ఇంట్లో మళ్లీ అదే గొడవ. ఆ బ్లాక్ ఫైలునే తెరిచి, ఇన్‌స్‌యూనిట్స్‌ని మిల్లీమీటర్లకు, అంటే 4కి, మార్చి సేవ్ చేసి మళ్లీ ఇన్‌సర్ట్ చేయండి. ఈసారి సరైన సైజులోనే వస్తుంది.