పోలీసులకు క్లాసులా, కాలనీ కమిటీలా, బీటు కానిస్టేబులా: బెజవాడకు ఏది మేలు?

వినాయక చవితి దగ్గర పడితే విజయవాడ స్టేషన్లలో పీస్ కమిటీ మీటింగులు మొదలవుతాయి. మండపానికి పర్మిషన్, కరెంటు కనెక్షన్, డీజే ఎన్నింటికి ఆపాలి, నిమజ్జనం ఏ రూట్లో వెళ్లాలి, ఇవీ విషయాలు. ముందు వరస కుర్చీల్లో కార్పొరేటర్‌గారి భర్త, వ్యాపారుల సంఘం ప్రెసిడెంటు, గుడి కమిటీ, మసీదు కమిటీ పెద్దలు. సీఐగారు పావుగంట మాట్లాడతారు, టీ వస్తుంది, ఫొటో దిగుతారు. మర్నాడు పేపర్లో ‘ప్రజలతో పోలీసుల మమేకం’ అని వార్త. కమ్యూనిటీ పోలీసింగ్ (జనాన్ని కలుపుకుని పోలీసులు పనిచేయడం) అంటే మనలో చాలామందికి తెలిసింది ఇంతే.

ఆ మీటింగుల్ని తీసిపారేయక్కర్లేదు. పండగ గొడవల్లేకుండా గడిచిందంటే అందులో వాటికీ వాటా ఉంటుంది. అయితే స్టేషన్ పనితనం పెంచడానికి డబ్బూ సమయమూ పెట్టాలనుకుంటే దేనిమీద పెట్టాలన్నది వేరే ప్రశ్న. ఇంతవరకు మన దేశంలోనూ బయటా ముఖ్యంగా మూడు దారులు పట్టారు. యూనివర్సిటీతోనో విదేశీ సంస్థతోనో ఒప్పందం పెట్టుకుని పోలీసులకు శిక్షణ ఇప్పించడం ఒకటి. పేటల్లోంచి వాలంటీర్లను, కమిటీలను తీసుకోవడం రెండోది. తనకిచ్చిన వీధుల్లో గస్తీ తిరిగే బీటు కానిస్టేబుల్‌నే ఆ పేటకు తెలిసిన మనిషిగా తయారు చేయడం మూడోది.

వాలంటీర్లను ముందే చూసేద్దాం, చవకగా కనిపించేది అదే కాబట్టి. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన ‘ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్’ తరవాత రాష్ట్రమంతా పాకింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో సెల్‌ఫోన్ షాపు నడిపే తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో హింసకు గురయ్యాక చనిపోయారు. అప్పుడు ఈ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలు వచ్చాయి. జూలైలో ప్రభుత్వం ఆ వ్యవస్థనే నిషేధించింది. కానిస్టేబుల్ తప్పు చేస్తే సస్పెన్షన్ ఉంది, చార్జి మెమో ఉంది. వాలంటీరుకు అవేవీ లేవు, స్టేషన్లో పలుకుబడి మాత్రం ఉంటుంది. మన దగ్గరా ఉమ్మడి రాష్ట్రం రోజుల్లోనే ‘మైత్రి’ పేరుతో ఇలాంటి ప్రయత్నం జరిగింది. ఇలాంటి కమిటీల్లో చోటు దొరికేది మామూలుగా ఎవరికి? స్టేషన్‌తో ఇప్పటికే పరిచయాలున్నవాళ్లకే. సెటిల్‌మెంట్లు చేసే పెద్దమనిషికి ఐడీ కార్డు కూడా తగిలిస్తే ఏమవుతుందో బెజవాడవాళ్లకు విడమరిచి చెప్పాలా? పండగ మీటింగుల వరకు కమిటీ చాలు.

క్లాసుల సంగతి అంత తేలిగ్గా తేలదు. అమెరికా న్యాయశాఖ 1986లో ఇసిటాప్ అనే విభాగం పెట్టి వేరే దేశాల పోలీసులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇలాంటి కోర్సుల్లో కమ్యూనిటీ పోలీసింగ్ పేరుతో నేర్పే పద్ధతుల్లో ఒకటి నిజంగా పనికొచ్చేది: కేసును కాకుండా సమస్యను పట్టుకోవడం. నెహ్రూ బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్లు పోతున్నాయనుకోండి. ఒక్కో ఫిర్యాదు ఒక్కో ఫైలుగా అటకెక్కడం మామూలు. అన్నీ ఒకచోట పరిచి ఏ ప్లాట్‌ఫారం, ఏ టైము, ఎక్కడ లైటు వెలగట్లేదు, దొంగ ఫోన్లు ఎవరు కొంటున్నారు అని చూసి, ఏదో ఒకటి సరిచేసి, నెల తరవాత మళ్లీ లెక్క చూసుకోవడం ఈ పద్ధతి. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాక క్లాసుల అవసరం ఇంకా పెరిగింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సోదా చేస్తే వీడియో తీయాలి. ఇవి బీటులో తిరిగితే వచ్చే విద్యలు కావు.

చిక్కల్లా క్లాసుకు ఎవరు వెళ్తారన్న దగ్గర. వెళ్లేది ఒక ఎస్సై, మహా అయితే సీఐ. సర్టిఫికెట్ తీసుకుని వస్తారు, ఆర్నెల్లకు బదిలీ అవుతారు. ఫిర్యాదుదారుడు మొదట చూసేది వాళ్ల మొహం కాదు కదా. గేటు దగ్గర సెంట్రీ, లోపల రిసెప్షన్లో కానిస్టేబుల్, ఆ తరవాత రాతకోతలు చూసే స్టేషన్ రైటర్. ‘ఇది మా లిమిట్స్ కాదు’, ‘సార్ బందోబస్తుకెళ్లారు, సాయంత్రం రండి’ అన్న మాటలు వచ్చేది అక్కడే. గుంటూరు మిర్చి యార్డు సీజన్లో చూడండి. సరుకు దించి రాత్రంతా టిక్కీల (మిర్చి బస్తాల) మీదే పడుకున్న రైతు జేబు కొట్టేస్తే, ఊరికాని ఊళ్లో అతనికి ఏ కార్పొరేటరూ తెలియదు, ఏ బీటు కానిస్టేబులూ తెలియడు. అతని పిటిషన్ తీసుకుని రశీదు ఇవ్వాల్సింది రిసెప్షన్లో ఉన్న మనిషే. రైల్వే జంక్షన్, బస్టాండు, గుడి ఉన్న విజయవాడలోనూ స్టేషన్ మెట్లెక్కేవాళ్లలో బయటివాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు కమిటీ ఎందుకూ కొరగాదు.

ఈ విషయంలో నన్ను బాగా ఒప్పించింది రాజస్థాన్‌లో జరిగిన ప్రయోగం. తరవాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఐపీఎస్ అధికారి నీనా సింగ్, మరికొందరు కలిసి 11 జిల్లాల్లో 162 స్టేషన్లలో రకరకాల మార్పులు పెట్టి చూశారు. స్టేషన్లో స్థానికుల్ని పరిశీలకులుగా కూర్చోబెట్టారు, వారానికో సెలవు ఇవ్వమన్నారు, సిబ్బందికి దర్యాప్తులోనూ మాటతీరులోనూ శిక్షణ ఇచ్చారు, కొన్నిచోట్ల బదిలీలు ఆపారు. పరిశీలకుల వల్లా వారపు సెలవుల వల్లా చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు, కింది స్థాయిలో అవి సరిగా అమలే కాలేదు. పని చేసింది శిక్షణ, బదిలీల ఆపివేత. దీనికి వ్యతిరేకంగా 2021లో ‘సైన్స్’ పత్రికలో మరో అధ్యయనం వచ్చింది. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో కమ్యూనిటీ పోలీసింగ్ పెట్టి చూస్తే నేరాలు తగ్గలేదు, జనానికి నమ్మకమూ పెరగలేదు. పరిశోధకులు చెప్పిన కారణాల్లో పై అధికారుల పట్టుదల లేకపోవడం, వనరుల కొరతతో పాటు సిబ్బందిని తరచూ మార్చేయడం కూడా ఉంది. రెండు అధ్యయనాలూ తిరిగి తిరిగి బదిలీల దగ్గరికే వచ్చాయి.

ఇక బీటు. కేరళ 2008లో 20 స్టేషన్లలో ‘జనమైత్రి’ మొదలుపెట్టింది. బీటు ఆఫీసరు తన ప్రాంతంలో ఇంటింటికీ వెళ్లి పరిచయం చేసుకోవాలి. మనకూ బీటు ఉంది, కానీ చాలాచోట్ల అది పాయింట్ బుక్‌లో సంతకమే. బ్యాంకు షట్టర్ పక్కన డబ్బాలో పుస్తకం ఉంటుంది, రాత్రి బండి ఆపి, టైము వేసి, సంతకం పెట్టి వెళ్లిపోతారు. ఆ వీధిలో ఎవరుంటారో ఆ పుస్తకానికి తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ఏ సందులో మంచం పట్టిన ముసలాళ్లున్నారో ముందే తెలిసిన ఒక కానిస్టేబుల్ ఎంత విలువైన మనిషో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు.

కాబట్టి నా ఓటు బీటుకే, ఒక షరతుతో. క్లాసు ఎస్సైకి మాత్రమే కాకుండా సెంట్రీ నుంచి రైటర్ దాకా మొత్తం స్టేషన్‌కి, ఆ స్టేషన్లోనే పెట్టాలి. దానికి అమెరికా నుంచి ఎవరూ దిగనక్కర్లేదు. లా కాలేజీ అధ్యాపకులు, ప్రభుత్వాసుపత్రి కౌన్సెలర్, సచివాలయం మహిళా పోలీసు చాలు. 2019లో సచివాలయాలతో పాటు వచ్చిన ఈ మహిళా పోలీసుల్ని సర్వేలకూ ఓటర్ల జాబితా పనులకూ తిప్పుతున్నారు గానీ, వీధిలో ఇల్లిల్లూ తెలిసింది వాళ్లకే.

ఈ ఏర్పాటుకు గండి కొట్టేది బందోబస్తు. దసరాకు కొండ దగ్గర క్యూలైన్లు, రోజూ వీఐపీల రాకపోకలు, అమరావతిలో సభలు. మనుషులు కావాలంటే మొదట ఖాళీ చేసేది బీటునే. అందుకే నాలుగు స్టేషన్లతో మొదలుపెట్టి, వాటి బీటు సిబ్బందిని రెండేళ్లు కదపకుండా చూడటం నగరమంతా ఒకేసారి ప్రకటించడం కంటే మేలు. రెండేళ్లు అన్నది కొత్త మాటేం కాదు. స్టేషన్ ఇన్‌చార్జికి కనీసం రెండేళ్లు ఇవ్వాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఈసారి పీస్ కమిటీ మీటింగులో డీజే టైము అయ్యాక ఎవరైనా లేచి, మా వీధి బీటు కానిస్టేబుల్ ఎవరు, ఎప్పటి నుంచి ఉన్నారు అని అడగొచ్చు.