ఎర్ర గచ్చు గదిలో బూడిద తెలుపు: మూడేళ్ల అనుభవం

గుంటూరు బ్రాడీపేటలోని మా పాత ఇంట్లో పడమటి గదికి మూడేళ్ల క్రితం తెల్ల రంగు వేయించాము. షేడ్ కార్డులో పక్కపక్కనే ఉన్న నాలుగు తెలుపుల్లో ఇంట్లో అందరూ మీగడ ఛాయను మెచ్చుకోగా, ఇసుమంత బూడిద కలిసినదాన్ని నేను పట్టుబట్టి వేయించాను.

ఆ గదిలో నేల ఎర్ర గచ్చు. సాయంత్రం నాలుగు దాటాక కిటికీలోంచి వచ్చే ఎండ గచ్చు మీద పడి, ఆ ఎరుపును గోడ కింది సగానికి పూస్తుంది. అట్టముక్కలకు రెండేసి కోటింగులు వేసి గోడకు ఆనించి చూసినప్పుడు, పొద్దున ముచ్చటగా కనిపించిన మీగడ తెలుపు సాయంత్రానికి ఇటుకపొడి చల్లినట్టయింది. బూడిద తెలుపు మాత్రం తెల్లగానే నిలిచింది. సున్నం పచ్చగా కనబడకుండా చిటికెడు నీలిమందు కలిపే పెద్దల ఉపాయమూ ఇలాంటిదే.

నా బాధంతా తలుపుతోనే. గోడకూ తలుపుకూ ఒకే తెలుపు ఉండాలని అదే షేడును ఆయిల్ ఎనామిల్‌లో కలిపించి, మొదటి ఏడాది వచ్చినవాళ్లందరికీ చూపించి గొప్పలు చెప్పుకున్నాను. ఈ జనవరిలో తలుపు మేకుకున్న క్యాలెండరు తీస్తే, దాని వెనక సరిగ్గా అదే కొలతలో, పాత పుస్తకం కాగితంలా పచ్చబడిన మచ్చ కనిపించింది. ఎండకు రంగు వెలుస్తుందని తెలుసు గానీ, నీడలో పచ్చబడుతుందని నేను ఊహించలేదు. "ఆయిల్ రంగంతేనండీ, వెలుతురు తగలకపోతే పచ్చబడుద్ది" అని పెయింటరు తాపీగా చెప్పాడు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నీళ్లతో కలిపే ఎనామిల్ కొనేవాణ్ణి. క్యాలెండరు మళ్లీ తగిలించకుండా కిటికీ తెరిచి ఉంచితే ఆ మచ్చ కొంత తగ్గింది గానీ, ఎప్పుడూ బీరువా చాటున ఉండే తలుపు రెక్క అలాగే ఉంది.

గోడ గురించీ ఒక మాట చెప్పాలి. మబ్బు పట్టిన రోజుల్లో ఆ తెలుపు ఆసుపత్రి వార్డును తలపిస్తుంది. నీలి ఛాయ తెలుపు వెలుతురిచ్చే 6500 కెల్విన్ ట్యూబులైటు తీసి, కాస్త వెచ్చని ఛాయ ఉండే 4000 కెల్విన్‌ది పెట్టాకే కాస్త నయమైంది. పడమటి కిటికీ, ఎర్ర గచ్చు రెండూ ఉన్నవాళ్లకైతే నేను ఈ బూడిద తెలుపునే చెబుతాను. ఉత్తరపు వెలుతురు, తెల్ల టైల్సు ఉన్న మా మేడ గదికి మాత్రం ఆనాడు కాదన్న మీగడ తెలుపునే తెచ్చాను.