పర్లాకిమిడిలో పిటిషన్ లెటర్లు కొట్టించాలంటే ఈ డీటీపీ షాపే (నాలుగు స్టార్లు)

పెళ్ళి కార్డులు, బయోడేటాలు, ఆధార్ కరెక్షన్లు ఎవడైనా చేస్తాడు, పర్లాకిమిడిలో అడుగడుక్కీ జెరాక్స్ షాపులే కదా. నేను రాస్తన్నది వేరే పని గురించి. బయట దేశాల్లో ఉరిశిక్షో, రాళ్ళతో కొట్టి చంపే శిక్షో పడిన ఆడవాళ్ళ కోసం లెటర్లు రాసి పంపడం. మా మిషన్ శక్తి గ్రూపులో (ఒడిశాలో ఆడవాళ్ళ పొదుపు సంఘం) కొందరం, ఇద్దరు రిటైరైన టీచరమ్మలు, పాతపట్నం నుంచి వచ్చే ఒక నర్సు పిల్ల కలిసి ఈ పని చేస్తుంటాం. యెమెన్‌లో కేరళ నర్సు నిమిష ప్రియకి 2025 జూలై 16న ఉరి అని టీవీలో వచ్చినప్పుడు ఆ పిల్ల అన్నం మానీసింది, తనూ గల్ఫ్‌కి అప్లై చేసుకున్నాది మరి. ఆ ఉరి ఆఖరి నిమిషంలో వాయిదా పడింది. అప్పట్నుంచి మాకు ఈ షాపుతో పరిచయం.

షాపు రాజావారి కోట దగ్గర సందులో ఉంటాది. బోర్డు ఒడియాలో ఉంటాది గానీ లోపల మాట అంతా తెలుగే. ఓనర్ బాబు ఒడియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు నాలుగూ కొడతాడు, తప్పులు తక్కువ. ఒక్కటి మటుకు ముందే చెప్పాలి, తెలుగుని యూనికోడ్‌లో కొట్టమనండి. చెప్పకపోతే అలవాటు కొద్దీ పాత ఫాంట్‌లో కొట్టీస్తాడు, ప్రింటు అందంగా వస్తాది గానీ అదే ఫైలు ఈమెయిల్ చేస్తే అవతలోళ్ళకి పిచ్చి గీతలు తప్ప ఏటీ కనపడదు.

ఇంక అసలు నాకు నచ్చింది చెప్తాను. ఈ బాబు ఏ కాయితం ఇచ్చినా ఉన్నది ఉన్నట్టు కొట్టడు. "అమ్మా, ఇది ఏ తారీకుది? ఎవరు రాసినారు? ఆవిడ లాయరు ఏటన్నారు?" అని అడుగుతాడు. మా టీచరమ్మ ఒకావిడకి ఒళ్ళు మండిపోయింది, డబ్బులిస్తాం కొట్టవయ్యా, నీకెందుకీ ఆరాలు అన్నాది. ఆయన నవ్వీసి, కొట్టీడానికేటమ్మా నిమిషం పని, కాయితం మీద మీ పేరుంటాది కదా అన్నాడు. బేరం పోతే పోయిందనుకుని కస్టమర్‌ని నిలబెట్టి ప్రశ్న వేసే షాపువాడిని నేనింతవరకు చూడలేదు.

ఆయన అలా అడగడం ఎంత అవసరమో తెలియాలంటే అమీనా లావల్ సంగతి తెలియాలి. నైజీరియాలో కట్సినా రాష్ట్రం, 2002 మార్చిలో అక్కడి షరియా కోర్టు ఆవిడకి రాళ్ళతో కొట్టి చంపే శిక్ష వేసింది, పెళ్ళి బంధం లేకుండా బిడ్డని కన్నాదని. ప్రపంచమంతా గోల గోల. బాగానే ఉంది. కానీ 2003లో ఈమెయిళ్ళలో ఒక పిటిషన్ తిరిగింది, సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసీసింది, ఇంక కొద్దిరోజులే ఉన్నాయి, వెంటనే సంతకం పెట్టండి అని. అందులో నిజం లేదు, అప్పీలు ఇంకా కట్సినాలోనే నడుస్తా ఉంది. అప్పుడు అక్కడ ఆవిడ తరఫున కొట్లాడుతున్న బావోబాబ్ అనే ఆడవాళ్ళ సంస్థే బయటకొచ్చి, దయచేసి ఈ లెటర్లు ఆపండి అని ప్రపంచాన్ని అడగాల్సి వచ్చింది! తప్పుడు కబుర్లతో ఉత్తరాలు వెళ్తే అక్కడ పనిచేసేవాళ్ళ మాటకి విలువ పోతాదని, బయట దేశాల నుంచి ఒత్తిడి వస్తే కొందరు పంతానికి పోతారని. ఊరికే అన్న మాట కాదు, 2001 జనవరిలో జంఫారా రాష్ట్రంలో ఒక ఆడపిల్లకి కొరడా దెబ్బల శిక్షని బయట దేశాల నుంచి అంత నిరసన వస్తున్నా లెక్కచేయకుండా, చెప్పిన టైము కంటే ముందే అమలు చేసీసినారు. చివరకి అమీనా లావల్ శిక్షని 2003 సెప్టెంబరు 25న కట్సినా షరియా అప్పీలు కోర్టే కొట్టీసింది. హౌవా ఇబ్రహీం లాంటి లాయర్లు ఆ చట్టం లోపలే నిలబడి వాదించినారు.

ఈ కథ షాపులో కౌంటర్ దగ్గర నిలబడి చెప్తే లైన్‌లో వెనకున్నోళ్ళు కూడా విన్నారు, ఒకాయన రేషన్ కార్డు జెరాక్స్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అయితే రాయడం వేస్టేనా అమ్మా అనడిగాడు. వేస్ట్ కాదు. సూడాన్‌లో నూరా హుస్సేన్ అని చిన్నపిల్ల, బలవంతపు పెళ్ళి, తనమీద అత్యాచారం చేసిన భర్తని చంపిందని 2018 మేలో మరణశిక్ష వేసినారు, లక్షల మంది సంతకాలు పెట్టినారు, జూన్ 26న అప్పీలు కోర్టు దాన్ని ఐదేళ్ళ జైలుకి తగ్గించింది. ఇరాన్‌లో సకినే అష్తియానీకి రాళ్ళ శిక్ష పడితే 2010లో ఆవిడ పిల్లలు లోకానికి మొరపెట్టుకున్నారు, 2014లో ఆవిడ బయటకొచ్చింది. అదే 2014 అక్టోబరులో అదే ఇరాన్‌లో రేహానే జబ్బారీని ఉరి తీసీసినారు, ఆవిడ కోసం కూడా ఎంతమంది రాయలేదు! కాబట్టి మన ఉత్తరం వల్లే ఒకావిడ బతికింది అని నేనైతే ఎక్కడా చెప్పను. లోపల లాయరు ఉండాలి, బయట ఎవరో చూస్తన్నారనే భయం ఉండాలి, ఆపైన వాళ్ళ రాత.

ఇప్పుడు ఆన్‌లైన్ పిటిషన్ల సంగతి, పోల్చి చెప్పకపోతే రివ్యూ ఎలా అవుతాది. ఒక సైట్ ఉంది, పేరు చెప్పను. సంతకం పెట్టగానే వంద రూపాయలివ్వండి, రెండొందలివ్వండి, ఇంకో పది మందికి పంపండి అని వెంటపడతాది, మెయిల్ నిండిపోతాది, ఆ కేసు ఏమైందో మటుకు ఒక్క ముక్క చెప్పదు. దానికి ఒక స్టారు కూడా దండగ. దానికన్నా ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ వాళ్ళ అర్జెంట్ యాక్షన్ పద్ధతి నయం, 1973లో బ్రెజిల్‌లో ఒక ప్రొఫెసర్‌ని పట్టుకుపోతే మొదలైనది. ఎవరికి రాయాలి, ఏ గౌరవ పదం వాడాలి, ఏం అడగాలి, ఏ తారీకు వరకు రాయొచ్చు, అన్నీ ఉంటాయి. మా షాపు బాబు ఆ లెక్కనే మాకు ఒక నమూనా తయారుచేసి సేవ్ చేసి పెట్టాడు, ఒక్క పేజీ దాటదు, తిట్లుండవు, మతం మీద మాట ఉండదు. ఒక కాపీ ఆ దేశానికి, ఒకటి ఢిల్లీలో వాళ్ళ ఎంబసీకి. ఎంబసీది మన దేశం లోపలే కాబట్టి తపాలా ఖర్చు బాగా తక్కువ, చేతిలో పెద్దగా డబ్బు లేనోళ్ళు అదొక్కటి పంపినా చాలు.

నిమిష ప్రియ పేరు మీద కూడా 2025లో గోల జరిగింది గుర్తుందా, శిక్ష రద్దయిపోయింది అని ఒక కబురు, ఫలానా గవర్నమెంటు ఖాతాకి డబ్బు వేయండి అని ఒక పోస్టు. రెండూ నిజం కాదని విదేశాంగ శాఖ వైపు నుంచే మాట వచ్చింది. ఆ ఖాతా నంబరుతో పోస్టర్లు వేయమని ఒక కుర్రాడు ఈ షాపుకే వస్తే బాబు వేయలేదంట. పక్క షాపులో వేసినారంట. ఇంకేం చెప్పాలి.

ఇంకో విషయం, లైన్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, మన దేశంలో ఉరి లేదేటి, బయటోళ్ళకి చెప్తన్నారు అని. ఉంది నాయనా. మహారాష్ట్రలో కొల్హాపూర్ అక్కాచెల్లెళ్ళు రేణుక, సీమ ఏళ్ళకేళ్ళు ఉరి నీడలోనే ఉన్నారు, క్షమాభిక్ష మీద తేల్చడంలో ఆలస్యం చేసినారని 2022 జనవరిలో బాంబే హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. వాళ్ళు చేసిన నేరం పసిపిల్లల్ని చంపడం, వింటే కడుపు తరుక్కుపోతాది, నేను వాళ్ళని మంచోళ్ళు అనట్లేదు. ఉరి వద్దు అంటన్నాను. 2021 అక్టోబరు 10న ప్రపంచ మరణశిక్ష వ్యతిరేక దినం ఆడవాళ్ళ పేరు మీదే జరిగింది, వాళ్ళు ఎవరికీ కనపడరని. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో వేసిన లెక్కలో ప్రపంచమంతా కలిపి కనీసం 500 మంది ఆడవాళ్ళు ఉరిశిక్ష పడి జైళ్ళలో ఉన్నారంట, మగవాళ్ళతో పోలిస్తే కొద్దిమందే, ఆ కొద్దిమంది గురించి రాసేవాళ్ళు ఇంకా కొద్దిమంది.

సరే షాపుకి వద్దాం. కలర్ ప్రింటు బాగోదు, ఎర్రరంగు కాషాయంలా వస్తాది, ఫోటోలు పెట్టకండి. కుర్చీ ఒక్కటే, పెద్దోళ్ళకి ఇబ్బంది. కరెంటు పోతే ఇన్వర్టర్ కంప్యూటర్‌కే, జెరాక్స్ ఆగిపోతాది. ఒకటో తారీకు దగ్గర్లో పెన్షన్ కాయితాల రద్దీ, ఆ టైములో వెళ్ళొద్దు. మధ్యాహ్నం భోజనానికి షట్టరు సగం దించీస్తాడు గానీ పిలిస్తే వస్తాడు. రేటు మిగతా షాపుల లాగే, పది కాపీలు దాటితే తగ్గిస్తాడు. కవరు మీద అడ్రసు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఆయనే అంటించి ఇస్తాడు, దానికి డబ్బు తీసుకోడు. మీరు కేసు పేరు, తారీకు, ఆ దేశంలో ఎవరు ఆవిడ తరఫున పనిచేస్తున్నారో రాసుకుని వెళ్ళండి, లేదంటే ప్రశ్నలకి జవాబు చెప్పలేక మా టీచరమ్మలాగే చిరాకు పడతారు. ఆవిడ ఇప్పుడు ఆయన షాపుకి తప్ప వేరేచోటకి వెళ్ళదు, అది వేరే విషయం.