టాక్ పాలిమరేజ్, 500 యూనిట్ల ట్యూబు: బరంపురం కాలేజీ ల్యాబులకు సరిపోతుందా?

సరిపోతుంది. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి కాలేజీల్లో పీసీఆర్ (డీఎన్ఏని వేడిచేసి, చల్లార్చి లక్షల కాపీలు తీసే పద్ధతి) ప్రాక్టికల్‌కి ఆ కాపీలు తీసే ఎంజైమ్‌గా మామూలు టాక్ చాలు, వేడిచేసేదాకా పని మొదలుపెట్టని హాట్ స్టార్ట్ రకానికి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

యెల్లోస్టోన్ వేడి బుగ్గల్లో దొరికి, 1969లో బ్రాక్, ఫ్రీజ్ పేరుపెట్టిన థెర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాది ఈ ఎంజైమ్. 95 డిగ్రీల దగ్గర దీని శక్తి సగానికి పడిపోవడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, 97.5 దగ్గరైతే 9 నిమిషాలే. అందుకే ప్రోగ్రామ్ జాగ్రత్తగా పెట్టాలి. మొదట 3 నిమిషాలు, తర్వాత 30 సైకిళ్లలో 30 సెకన్ల చొప్పున 95 దగ్గర ఉంచితే మొత్తం 18 నిమిషాలు. డెబ్బై శాతం పైనే మిగులుతుంది. అదే మొదట 10 నిమిషాలు, ఆపై 35 సైకిళ్లు ఒక్కో నిమిషం పెడితే సగం కూడా మిగలదు, జెల్‌పై డీఎన్ఏ బ్యాండ్ పలచబడుతుంది.

ఇంత వేడికి ఎలా నిలుస్తుందన్నది 1995లో వచ్చిన స్ఫటిక నిర్మాణంలో కొంత తెలుస్తుంది. పాలిమరేజ్ భాగం మడత ఈ.కోలై ఎంజైమ్‌దానికి దగ్గరగానే ఉంటుంది. తేడా లోపలి వివరాల్లో ఉంది: నీటిని దూరం పెట్టే అమైనో ఆమ్లాలు మధ్యలో మరింత ఎక్కువ, విద్యుదావేశాల అమరిక కూడా మెరుగు. ఏ ఒక్క బంధమో కాదు, చిన్నచిన్న బలాలన్నీ కలిసి పట్టి ఉంచుతాయి. చూడముచ్చటైన నిర్మాణం! తప్పు దిద్దే విభాగం ఆకారం మిగిలే ఉంది కానీ, లోహ అయాన్లను పట్టే ఆమ్ల సమూహాలు అక్కడ లేవు. కాబట్టి తప్పు పడిన అక్షరాన్ని ఇది వెనక్కి తీయలేదు. క్లోన్ చేసి సీక్వెన్స్ కచ్చితంగా కావాలంటే తప్పు దిద్దగల పైరోకాకస్ ఫ్యూరియోసస్ పాలిమరేజ్ కొనండి.

50 మైక్రోలీటర్ల రియాక్షన్‌కి మెగ్నీషియం కలిసిన 10ఎక్స్ (పదింతలు గాఢమైన) బఫర్ 5 మైక్రోలీటర్లు, డీఎన్‌టీపీ మిశ్రమం (డీఎన్ఏ కట్టే నాలుగు ముడిసరుకులు, ఒక్కోటి 10 మిల్లీమోలార్) 1, ప్రైమర్లు (కాపీ మొదలయ్యే చోటు చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు, 10 మైక్రోమోలార్) చెరి 1, డీఎన్ఏ 1, ఎంజైమ్ 0.25, నీళ్లు 40.75. అసలు తప్పు జరిగేది ఆ 0.25 దగ్గరే. అంత తక్కువ పిపెట్‌తో సరిగ్గా రాదు. పది రియాక్షన్లకు కలిపి మాస్టర్ మిక్స్ చేసి 2.5 తీయండి. ఎంజైమ్ ఉండే గ్లిజరాల్ చిక్కగా ఉంటుంది కనుక టిప్ మొన మాత్రమే తాకించి మెల్లగా పీల్చాలి. లోపలికి ముంచితే బయట అంటుకున్నది కూడా రియాక్షన్‌లో పడుతుంది.

మే నెలలో హైదరాబాద్ నుంచి పార్సిల్ వచ్చేసరికి ఐస్ కరిగి ఉంటే ముందు అనుమానించాల్సింది డీఎన్‌టీపీలను. వాటిని చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టండి, మాటిమాటికీ కరిగించొద్దు. ఎంజైమ్‌ని మంచు పేరుకోని ఫ్రీజర్‌లో ఉంచకండి. ఆ ఫ్రీజర్ తనంతట తాను వేడెక్కి మంచు దింపుతుంది.

రియాక్షన్‌కి 1.25 యూనిట్ల లెక్కన ట్యూబుకి 400 రియాక్షన్లు వస్తాయి. పరిమాణం 25కి తగ్గిస్తే 800.