శ్రీనాథుడి భుజాన నల్లగుండు బరువెంత?

శ్రీనాథుడి ఆఖరి రోజుల మీద కోనసీమ తీర్థాల్లో ఆడుతున్న ఈ పద్యనాటకానికి మొదటి గంటే శత్రువు. రెండో గంట కోసం ఓపిక పట్టాలి. పట్టదగ్గదే.

మొదటి అంకమంతా ద్రాక్షారామం, పన్నీరు, గజ్జెలు. కవి చేతిలోంచి మధుపాత్ర దిగదు. తెలుంగురాయడనే ప్రభువుని కస్తూరి అడిగిన చాటువు, అంటే విడి పద్యం, పాడించారు. అందులో ద్రాక్షారామం పేరు రాగానే ఈ జిల్లాలో చప్పట్లు ఎలాగూ పడతాయి. కానీ దుబారా చేసి చెడ్డాడని చెప్పడానికి ఇన్ని నృత్యాలు దేనికి? నైషధాన్ని తెనిగించి, భీమఖండం, కాశీఖండం రాసినవాడు ఘంటం పట్టిన దృశ్యం ఒక్కటీ లేదు. గౌడ డిండిమభట్టు అనే పండితుణ్ని వాదంలో ఓడించి, అతని కంచుఢక్క పగలగొట్టించిన ఘట్టాన్ని కూడా రెండు మాటల్లో తేల్చేశారు. ఎంత పనిమంతుడో చూపకుండా పాడైపోయాడంటే, పోయిందేమిటో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

రెండో అంకంలో నాటకం నిలబడుతుంది. ‘కాశికా విశ్వేశు గలసె వీరారెడ్డి’ సీసపద్యంలో పాదానికో పోషకుడు పోతాడు, ఆయనతోపాటు ఒక వైభవం పోతుంది: రత్నాంబరాలు, దినవెచ్చం (రోజువారీ ఖర్చు), కస్తూరి, బంగారు పళ్లెంలో భోజనం. పాదం అయిపోగానే సేవకుడొచ్చి ఆ వస్తువు పట్టుకుపోతాడు. నాలుగో పాదానికి రంగం మీద చాపా, మనిషీ మిగులుతారు. సీసాన్ని ఇక్కడ పాడించి, దాని చివర రావలసిన చిన్న పద్యం ఎత్తుగీతిని ఆఖరి తెర దాకా దాచారు. ఛందస్సు తెలిసినవాళ్లు గొణుక్కుంటారు గానీ నాటకానికి అది కలిసొచ్చింది.

ఇక శిక్ష ఘట్టం. బొడ్డుపల్లెలో పొలం గుత్తకు పట్టి, వరదలో పంట పోగొట్టుకుని, గుత్త సొమ్ము ఏడునూర్ల టంకాలు (నాణేలు) కట్టలేకపోయిన కవిని ఎండలో నిలబెడతారు. పద్యంలో వరస స్పష్టంగా ఉంది: కంఠానికి పొగడదండ అనే శిక్షాసాధనం, భుజానికి నల్లగుండు అనే బండరాయి, కాళ్లకు సంకెళ్లు, ముంజేతికి వెదురుగొడియ అనే వెదురు బేడీ. చాటువు గనక పాఠాలు, అంటే పద్యంలో మాటలు, కొంచెం మారతాయి, అది వేరే సంగతి. ఏ పాఠం తీసుకున్నా, పాదానికొక శిక్ష చొప్పున భటులు తగిలిస్తే సీసం దానంతట అదే నాటకమవుతుంది. ఇక్కడ నాలుగూ ముందే తగిలించి, తర్వాత పద్యం ఎత్తుకున్నారు. దాంతో అది సామాన్ల జాబితా చదివినట్టుంది.

పైగా ఆ గుండు థర్మోకోల్‌ది. నల్లరంగు బాగా వేశారు గానీ భుజం అంగుళం కూడా కుంగదు. గోనెగుడ్డలో ఏడెనిమిది కిలోల ఇసుక కుట్టి పైన రంగు పూస్తే చాలు, నటించక్కర్లేకుండానే మెడ పక్కకు వాలుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది. అప్పుడు పాదం చివర నిమిషంసేపు రాగం తీయడం కుదరదు, తీయకూడదు కూడా. ఈ నటుడి గొంతు మంచిది. హార్మోనియం పైస్థాయి షడ్జానికి పిలిచినప్పుడల్లా వెళ్లిపోతాడు. జనం ఒన్స్‌మోర్ అంటారు. మోపిన రాయితో ఒన్స్‌మోర్ ఏమిటి!

ఆ సీసం చివరి తేటగీతి మాత్రం అద్భుతం. ‘కృష్ణవేణమ్మ గొనిపోయె నింత ఫలము’ అన్నప్పుడు రాగం వదిలేసి, మునసబుకు లెక్క చెప్పుకుంటున్నట్టు మామూలు గొంతుతో అన్నాడు. పంట ఏరు తిన్నది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తిన్నాయి, గుత్త మాత్రం నిలిచే ఉంది. గోదావరి లంకల్లో కౌలు చేసేవాళ్లకు దీనికి వివరణ అక్కర్లేదు. అయినా రచయిత ఆగలేక, వెంటనే అధికారి చేత దుబారా మీద ఉపన్యాసం చెప్పించాడు. కవే ‘మోసపోతి’ అని ఒప్పుకున్నాక ఇంకొకడు బోధించడం దండగ. వెనక తెర మీద కొబ్బరితోటలు, గోదావరి లాంచీ ఉన్నాయి. పొలం ముంచింది కృష్ణ కదా, తెర మార్చండి.

దాచిన ఎత్తుగీతి వచ్చే చావు దృశ్యంలో ఏడిపించారు. అది తప్పు. ‘దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ’ అంటున్నవాడు స్వర్గంలో కవుల్ని బెదిరిస్తూ వెళ్తున్నాడు. గొంతు వణకాల్సింది ఆయనకు కాదు.

పిలిపించుకునే కమిటీలకు: రంగం లోతు ఇరవై అడుగులన్నా లేకపోతే సేవకుడి రాకపోకలు సైడ్‌వింగుకు తగులుకుంటాయి. సముద్రం దగ్గర ఊళ్లలో వేలాడే మైకులు గాలికి హోరెత్తుతాయి, వాటికి స్పాంజి తొడుగులు వేయించండి. హార్మోనియానికి విడిగా మైకు పెట్టొద్దు, పద్యం మునిగిపోతుంది. బయానా ఇచ్చేటప్పుడే మొదటి అంకంలో రెండు నృత్యాలు తగ్గించమని అడగండి. మొదలయ్యేదే రాత్రి పదింటికైతే రెండో అంకం నాటికి ముసలివాళ్లు ఇళ్లకు పోతారు, ఆ సీసాన్ని విని తలూపేది వాళ్లే.