పూతరేకులు చిట్లకుండా ఇంటికి తెచ్చిన సైకిలు: ఏడు క్రిస్మస్ సెలవుల తర్వాత

మాది మిషన్ స్కూలు. సంక్రాంతికి మిగతా బడులన్నీ వారం పైగా మూసేస్తే మాకు రెండు మూడు రోజులు విదిలిస్తారు. ఆ బాకీ ముందుగానే క్రిస్మస్‌కు తీరుస్తారు. డిసెంబరు 23, 24 తేదీల నుంచి జనవరి 1 దాకా రాజమహేంద్రవరంలో తోటి మాస్టార్లందరూ బడికి పోతుంటే నేను అరుగు మీద కూర్చుని పేపరు రెండోసారి చదివేవాడిని. 2018లో ఆ తీరిక భరించలేక ఒక గేర్ల సైకిలు కొన్నాను. మొన్నటి క్రిస్మస్‌తో దానికి ఏడు సెలవులు నిండాయి. మీటరు 11,400 కిలోమీటర్లు చూపిస్తోంది. అందులో తొమ్మిది వేలు ఇంటికీ బడికీ మధ్య తిరిగినవి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. మిగిలిన రెండు వేల నాలుగు వందలు డిసెంబరు చివరి వారాల్లో కోనసీమ కాలువ గట్ల మీద తొక్కినవి. ఈ సమీక్ష వాటి గురించే.

కంపెనీ పేరు రాయడం లేదు. 15,800 రూపాయలకు కొన్నాను. ఆ ధరలో అప్పుడు దొరికిన హైబ్రిడ్ (రోడ్డు సైకిలుకూ కొండ సైకిలుకూ మధ్య రకం) సైకిళ్లన్నిటిదీ దాదాపు ఒకే అస్థిపంజరం, స్టిక్కర్లే తేడా. 700 సైజు చక్రాలు, 35 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, రిమ్మును పట్టుకునే బ్రేకులు, ముందు మూడు, వెనుక ఏడు పళ్ల చక్రాలు, ముందు ఫోర్కులో స్ప్రింగులు. బరువు పదిహేను కిలోల పైమాట. దుకాణంలో కుర్రవాడు రెండే రెండు విషయాలు పదే పదే చెప్పాడు: ఇరవై ఒక్క గేర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు. క్యారియర్ అడిగితే జాలిగా చూశాడు. మడ్‌గార్డు అడిగితే, "ఇలాంటి సైకిలుకు అవి బాగుండవు సార్" అన్నాడు. ఏడేళ్లలో నాకు అక్కరకు రానివి వాడు చెప్పిన ఆ రెండే. అక్కరకు వచ్చినవన్నీ తర్వాత నేను విడిగా కొని బిగించుకున్నవి.

గేర్ల సంగతి ముందు చెబుతాను. కాలువ నీళ్లు ఏ పంపూ లేకుండా పొలాల దాకా నడిచి వెళ్లేలా కాటన్ దొర గీసిన నేల ఇది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలువల గట్లే ఇవాళ మనం తొక్కే రోడ్లు. నీరు పల్లానికి మెల్లగా జారే చోట సైకిలుకు ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? వంతెన ఎక్కడానికి, గట్టు మీదకు మళ్లడానికి తప్ప గేరు మార్చిన గుర్తు లేదు. ముందున్న మూడు చక్రాల్లో చిన్నదాన్ని నేను ఒక్కసారీ వాడలేదు. మూడో ఏడు ఆ మీట తుప్పుతో బిగుసుకుపోయింది. బాగు చేయించలేదు. అంటే నా ఇరవై ఒక్క గేర్లలో పద్నాలుగు అప్పుడే రిటైరయ్యాయి, వాటి కోసం నేను బెంగపెట్టుకోలేదు.

వెనుక ఏడింటిని మాత్రం తీసిపారేయను. డిసెంబరులో ఈశాన్యపు గాలి వీస్తుంది. రావులపాలెం దాటి రాజోలు వైపు దిగేటప్పుడు అది వీపు తట్టి తోస్తుంది, మనకే బలం పెరిగిందని భ్రమ కలుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి గుండె మీద కూర్చుంటుంది. ఆ పూట రెండు గేర్లు కిందికి దించుకుని తల వంచుకుని తొక్కడమే. ఒంటి గేరు సైకిలు మీద వచ్చిన మా డ్రిల్లు మాస్టారు కొత్తపేట దగ్గర దిగి నడిచారు. ఆయన నాకంటే పదేళ్లు చిన్న.

ఇక షాక్ అబ్జార్బర్లు. వీటి పని నేను పూతరేకులతో తేల్చుకున్నాను. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, కాలువ పక్కనే దిగితే లొల్ల లాకులు, ఆత్రేయపురం. మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. పొద్దున్నే వెళ్లి, లాకుల దగ్గర కాసేపు నీళ్ల చప్పుడు వింటూ కూర్చుని, ఒక డబ్బా పూతరేకులు కొని, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం ప్రతి సెలవుల్లో నా మొదటి రోజు కార్యక్రమం. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత డబ్బా మీద అచ్చు మారింది కానీ లోపలి రేకు అదే, ఊపిరి తగిలితే చిరిగేంత పల్చన. మొదటిసారి డబ్బాను క్యారియర్‌కు తాడుతో కట్టి తెచ్చాను. ఇంట్లో మూత తీస్తే బెల్లం, నెయ్యి కలిసిన పొట్టు కనిపించింది. మా అమ్మాయి స్పూను తెచ్చుకుంది.

నేను లెక్కల మాస్టారిని, కారణం తేలకుండా వదలను. ముందు ఫోర్కులో స్ప్రింగులు ఎన్ని ఉన్నా డబ్బా ఉండేది వెనుక చక్రం మీద. అక్కడ నేలకూ రేకుకూ మధ్య ఉన్న మెత్తదనమంతా టైరులోని గాలే. టైరు పక్కన 50 నుంచి 75 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని అచ్చు వేసి ఉంది. దుకాణంలో గట్టిగా ఉండాలని 75 కొట్టి ఇచ్చారు. రెండో ఏడు 65కు దించాను. సగం రేకులు బతికాయి. మూడో ఏడు 55 పెట్టి, డబ్బా కింద తువ్వాలు నాలుగు మడతలు వేసి కట్టాను. పదింటిలో తొమ్మిది చుట్టిన చుట్టు విడకుండా ఇల్లు చేరాయి. అప్పటి నుంచి నా వెనుక టైరులో 55 దాటనివ్వలేదు. నడుము నొప్పి కూడా ఆ ఏడే తగ్గింది. ముందు ఫోర్కు మాత్రం సముద్రపు గాలికి లోపల తుప్పు పట్టి ఐదో ఏడు కదలడం మానేసింది. ఆ సంగతి నేను రెండు నెలల తర్వాత గమనించాను. దానికోసం అదనంగా కట్టిన డబ్బు, రోజూ మోసిన బరువు రెండూ దండగ.

ఆ సెలవుల్లో తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరితే బ్యారేజీ మీద మంచు ఎలా ఉంటుందంటే, గేట్ల మోత వినిపిస్తుంది కానీ నది కనిపించదు. ధనుర్మాసం కూడా అప్పుడే కాబట్టి గుడి మైకులో తిరుప్పావై, నాలుగు వీధుల అవతల చర్చి మైకులో క్రిస్మస్ పాటలు, రెండూ మంచులో కలిసిపోయి ఏది ఎటు నుంచి వస్తోందో తెలియదు. ఇక్కడ సైకిలుకు మొదట కావలసింది దీపం. ఛార్జింగు లైటు 900 రూపాయలకు కొన్నాను. మంచులో దాని తెల్లటి వెలుగు ఎదురు గోడలా తిరిగి కళ్లలోనే పడుతుంది. ముక్కు కిందికి వంచి చక్రం ముందు రెండు బారల దూరంలో నేల మీద పడేలా పెట్టుకుంటే పనికొచ్చింది. వెనుక ఎర్రదీపం లేకుండా బ్యారేజీ ఎక్కవద్దు, లారీలు ఉంటాయి.

రెండో అవసరం గంట. దుకాణంలో ఇచ్చిన ప్లాస్టిక్ గంట ఈగ ముక్కులో దూరినట్టు మోగేది. పాత సైకిళ్ల ఇత్తడి గంట ఒకటి బిగించాను. ధనుర్మాసంలో ఊళ్లలో వీధంతా ముగ్గులే. ఆరు గంటలకు ఆడవాళ్లు రోడ్డు మీద వంగి చుక్కలు కలుపుతుంటారు. గంట దూరం నుంచే వినిపించాలి, చక్రం ముగ్గు అంచున సన్నగా వంక తిరిగి పోవాలి. ఇందుకు నిటారుగా కూర్చోనిచ్చే వెడల్పు హ్యాండిలు ఎంత మేలో, వంగిన హ్యాండిలు సైకిలు మీద వచ్చిన మా మేనల్లుడిని అడగాలి. వాడు ఆరిగట్లపాలెం దాటాక ఒక ఇరవై ఒక్క చుక్కల ముగ్గు మధ్య నుంచి గీత గీసినట్టు వెళ్లిపోయాడు. క్షమాపణ నేను చెప్పుకున్నాను.

మూడోది ధాన్యం. సార్వా కోతలు అయ్యి, తారు రోడ్డులో సగం మీద వడ్లు ఆరబోసే రోజులవి. బరకాలు పరిచి కొందరు, నేరుగా రోడ్డు మీదే కొందరు. వడ్ల మీద టైరు ఎక్కితే ఇసుక మీద ఎక్కినట్టే జారుతుంది. ముందు బ్రేకు నొక్కారా, పడ్డారు. రెండో ఏడు నేను పడ్డాను. అంతకంటే ఇబ్బంది గడ్డి. వెనుక గేరు కింద రెండు చిన్న పళ్ల చక్రాలు వేలాడుతుంటాయి. వరిగడ్డి పరక ఒకటి వాటిలో చుట్టుకుంటే ఇక పెడలు కదలదు. అంబాజీపేట దాటాక ఒకసారి అలా ఆగిపోయాను. వేళ్లతో లాగితే పరక తెగుతోంది తప్ప రావడం లేదు. వడ్లు తిరగేస్తున్న పెద్దాయన చూసి వచ్చి, మొలలోంచి కొడవలి తీసి, దాని మొనతో పరకను వెనక్కి తిప్పి తిప్పి ఊడదీశాడు. ఏడు చుట్లు. "గడ్డిని లాగకూడదు మాస్టారూ, వచ్చిన దారినే పంపాలి" అన్నాడు. నేను మాస్టారినని ఆయనకు ఎలా తెలిసిందో అడగలేదు, నా ముఖం అలా ఉంటుందేమో. ఇప్పుడు సంచిలో ఒక క్రోషే సూది పెట్టుకుంటున్నాను. నర్సాపురం లేసు సూదే, సైకిలు పనిముట్ల పెట్టెల్లో అంత బాగా పనికొచ్చేది మరొకటి చూడలేదు.

నర్సాపురం అంటే గుర్తొచ్చింది. మా తోడల్లుడి ఇల్లు అక్కడే. మూడుసార్లు క్రిస్మస్ ముందు రోజు సైకిలు మీదే వెళ్లాను. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లను కూడా దాటించే పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే అవతల ఊరు. ఇంగ్లండ్ నుంచి 1836లో వచ్చిన మిషనరీలు డెల్టాలో మొదట కాలు నిలదొక్కుకున్న చోట్లలో ఒకటి కాబట్టి క్రిస్మస్ అక్కడ తాతల నాటి పండగ. వెదురు బద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రం చేసి లోపల బల్బు పెట్టి కొబ్బరిచెట్టు అంత ఎత్తు గడకు కట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి, పక్కనే ప్లాస్టిక్ ఎల్‌ఈడీ నక్షత్రాలు మిణుకుమంటున్నా. చీకటి పడ్డాక నది మధ్యలో పంటు మీద నిలబడి చూస్తే రెండు ఒడ్ల మీదా నక్షత్రాలు అరిచేతి ఎత్తున వేలాడుతున్నట్టు ఉంటుంది. మర్నాడు ఆరాధన తర్వాత మా తోడల్లుడి ఇంట్లో గారెలు, కోడికూర తిని ఎవరైనా సైకిలు ఎక్కగలరా? అందుకే తిరుగు ప్రయాణం 26నే.

ఆ పంటు మీదే సైకిలుకు పెద్ద దెబ్బ తగిలింది. పక్కన నిలిపిన మోటారు సైకిలు ఒరిగి వెనుక గేరు మీద పడింది. గేరును చట్రానికి పట్టి ఉంచే వేలెడంత లోహపు ముక్క ఒకటి ఉంటుంది, హ్యాంగర్ అంటారు. అది లోపలికి వంగింది. పెద్ద పళ్ల చక్రం మీదకు గేరు మారిస్తే స్పోకుల్లో తగులుతోంది. మర్నాడు పాలకొల్లు, మార్టేరు, పెనుగొండ మీదుగా ఇంటికి వచ్చినంత సేపూ వెనుక ఏడింటిలో చిన్న చక్రాలు రెండింటి మీదే తొక్కాను, ఎదురుగాలిలో. ఆ ముక్క ఒక్కో మోడలుకు ఒక్కో ఆకారంలో ఉంటుంది. దుకాణం వాళ్లు తెప్పించడానికి మూడు వారాలు పట్టింది, ధర 350. ఈ సైకిలు మీద నా అసలు ఫిర్యాదు ఇదే. మీరు గేర్ల సైకిలు కొంటే ఆ రోజే ఇంకో హ్యాంగర్ కొని సంచిలో పడేయండి.

పంక్చర్ల విషయంలో మాత్రం ఈ సైకిలు నా మాట నిలబెట్టింది. ఏడేళ్లలో ఇరవై మూడు, అందులో పందొమ్మిది గట్ల మీది తుమ్మముళ్లే. వాల్వు మోటారు సైకిలు రకం కాబట్టి ఏ పంక్చరు కొట్టులోనైనా గాలి పడుతుంది. సన్న వాల్వు ఉన్న ఖరీదైన సైకిళ్ల వాళ్లు పంపు కోసం ఊరంతా తిరగడం చూశాను. ట్యూబు చీలిపోతేనే కష్టం. ముమ్మిడివరం దగ్గర ఒక కొట్టాయన నా టైరు మీది అంకెలు చదివి, "ఈ సైజు మా దగ్గర ఉండదండీ" అని, క్షణం ఆలోచించి మామూలు పెద్ద సైకిలు ట్యూబు, 28 ఒకటిన్నర, తీసి మడత పడకుండా సర్ది ఎక్కించాడు. సైజు కాస్త పెద్దదే. ఆ ట్యూబు పద్నాలుగు నెలలు నడిచింది.

చైను మూడుసార్లు మార్చాను. ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు, బడి స్కేలు చాలు. ఒక పిన్ను నడిమి నుంచి మొదలుపెట్టి దాని తర్వాత ఇరవై నాలుగో పిన్ను నడిమి దాకా కొలిస్తే కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చేయాలి, లేదంటే పళ్ల చక్రాలనూ తినేస్తుంది. అంతర్వేది వైపు వెళ్లి వచ్చిన రోజు చైను తుడిచి నూనె వేయకపోతే మూడో రోజుకు ఎర్రబడుతుంది. బ్రేకు రబ్బర్లు నాలుగు జతలు, టైర్లు రెండు జతలు, సీటు ఒకటి, పెడళ్లు ఒక జత. అన్నీ కలిపి 9,000 లోపే అయింది. డిస్కు బ్రేకులు కావాలని అప్పట్లో ఆశపడ్డాను. తీసుకోనందుకు విచారం లేదు, జత 120 రూపాయల రబ్బర్లు నేనే పది నిమిషాల్లో మార్చుకుంటున్నాను.

కోనసీమలో తిరగడానికే అయితే ఈ సైకిలు మళ్లీ కొంటానా అంటే, ముందు స్ప్రింగులు లేని, ముందు ఒకే పళ్ల చక్రం ఉన్నది దొరికితే దాన్ని కొంటాను. రెండు మూడు కిలోలు తగ్గుతుంది. 35 కంటే సన్న టైరు మాత్రం ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

బ్రేకు రబ్బర్లు రాసుకుని రాసుకుని వెనుక రిమ్ము అంచు లోపలికి గుంట పడింది. కొత్త రిమ్ము వేసి స్పోకులు అల్లడానికి వెయ్యిన్నర చెప్పారు. ఇచ్చేశాను. సీటు రెండు అంగుళాలు దించి ఉంది, ఈసారి ఆత్రేయపురానికి తనే వెళ్తానని మా అమ్మాయి అంటోంది. టైరులో గాలి 55 అని సీటు కడ్డీ మీద మార్కరుతో రాసి పెట్టుకుంది.